కప్పగల్లు మైదానంలో వీడియో రివ్యూ: గోలు వెనక నీడలో ఒక మధ్యాహ్నం

ఈ ప్రయాణం మొదలు కావడానికి కారణం నన్ను రావద్దనడమే. మా మనవరాలు హారిక సిరుగుప్పలో ఒక బడిలో ఆటల టీచరు, సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ రిఫరీ. కప్పగల్లులో జరిగే టోర్నమెంటు ఫైనలుకు తనే రిఫరీ అని, బెంగళూరు నుంచి ఒక పరిశీలకుడు వచ్చి తన పని చూస్తాడని, ఆయన మెచ్చితే ప్రొఫెషనల్ లీగుల రిఫరీ శిక్షణకు తన పేరు పంపుతాడని చెప్పింది. అన్నీ చెప్పి చివర్లో, "నువ్వు మాత్రం రావద్దవ్వా. నువ్వు చూస్తాండావంటే నాకు విజిల్ ఊదబుద్ధి కాదు" అంది. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. రావద్దన్న గదిలోకి వెళ్ళకుండా ఉండి ఉంటే ఆ ఉద్యోగం అన్నేళ్ళు చేయగలిగేదాన్ని కాదు.

రెండో కారణం కరపత్రంలో ఉంది. పెద్ద లీగుల్లో మాదిరి ఈ ఫైనల్లో వీడియో రివ్యూ ఉంటుందని నిర్వాహకులు లావు అక్షరాల్లో వేయించారు. ఈ రివ్యూ అంటే నాకు ఇంట్లోనే పరిచయం. హారిక విదేశీ మ్యాచ్‌లు రికార్డు చేసుకుని పొద్దున ఇడ్లీ తింటూ చూస్తుంది. గోలు పడ్డ చోట ఆపి, వెనక్కి తిప్పి, "ఇది చెల్లుతాదా అవ్వా?" అని నన్ను అడుగుతుంది. నేను చెల్లుతుందంటే అది చెల్లదు. ఇలా రెండేళ్ళలో ఆఫ్‌సైడ్ నేర్చుకున్నాను. ఇడ్లీ చల్లారాక తినడమూ అలవాటైంది.

హారిక ముందురోజే వెళ్ళిపోయింది. నేను ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు సిరుగుప్ప బస్టాండులో బళ్ళారి బస్సెక్కాను. సాధారణ బస్సులో మా రాష్ట్రం ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అందుకే ఎక్కేటప్పుడు మోచేతులకు పని పడుతుంది. ప్రయాణం గంటన్నర పైన. తెక్కలకోట దాకా రెండు వైపులా కాలువ కింద వరి, ఎడమ వైపు కిటికీకి పొద్దుటెండ. ముందు సీట్లో వీరేశప్ప కూర్చున్నాడు. వడ్ల వ్యాపారంలో దళారి, ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు.

"యాడికి మేడమ్, ఆదివారం కూడా?" అన్నాడు.

సంగతి చెప్పాను. వీరేశప్పకు ఫుట్‌బాల్ పిచ్చి. ఒక విదేశీ క్లబ్బు ఓడితే ఆ రోజు వడ్ల బేరం కూడా సరిగా చేయడట. వీడియో రివ్యూ అనగానే సీటు మీద అడ్డం తిరిగి కూర్చున్నాడు.

"అది రావాల్సిందే మేడమ్. ఇరవై రెండు మంది పరిగెత్తుతాంటే ఒక మనిషి కన్ను యాడ చూస్తాది? ముందు నేను గింజ కొరికి తేమ ఎంతుందో చెప్తాంటిని. రైతు నమ్మేటోడు కాదు, రోజూ గలాటా. ఇప్పుడు మిషన్ పెడతాండాము. అంకె చూపిస్తే ఇద్దరమూ గమ్మునుంటాము."

"అంకె సరే. ఆ గింజలు ఏ బస్తాలోంచి తీశావో మిషన్ చెబుతుందా?"

"మీరు మారలేదు మేడమ్" అని నవ్వాడు. "అయినా ఒకడు ఏడాదంతా కష్టపడి ఫైనలుకొస్తాడు. రిఫరీ చూడక ఒక తప్పుడు గోలు ఇస్తే వాని బతుకేం కావల్ల? రెండు నిమిషాలు ఆగి చూసుకుంటే ఏం పోతాది?" అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకని వేరే మాటలు చెప్పాను. గోలు కొట్టినవాడు ఎగరాలా ఆగాలా తెలియక సగం గాల్లో నిలబడటం, బొటనవేలు ముందుకుందని గీతలు గీసి గోలు రద్దు చేయడం, రిఫరీ ఎలాగూ తెర ఉందిలే అని విజిల్ ఊదడానికి వెనకాడటం. అన్నిటికంటే స్లో మోషన్. అరక్షణంలో తగిలిన కాలిని ఎనిమిది క్షణాలు సాగదీసి చూపిస్తే, వాడు ఇంటి దగ్గర ఆలోచించుకుని వచ్చి తన్నినట్టు కనిపిస్తుంది. వేగాన్ని తీసేసి ఉద్దేశాన్ని కొలవడం నేను చెప్పిన భౌతికశాస్త్రంలో లేదు.

"మీకు మార్కులు వేసేది ఇష్టం మేడమ్, రీవాల్యుయేషన్ ఇష్టం లేదు" అన్నాడు వీరేశప్ప. బళ్ళారి వచ్చేదాకా ఆ మాట నములుతూ కూర్చున్నాను.

పదిన్నరకు దిగి, బంధువుల ఇంట్లో ఒకరిని పలకరించి, పన్నెండు దాటాక బస్టాండు వెనక సందులో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీలో కారం తక్కువ చూసి ఇమ్మంటే వంటామె, "కారం మిరపకాయనడగల్లమ్మా, నన్నడిగితే నేనేం చెప్తును" అంది. న్యాయమైన మాట. అక్కడి నుంచి కప్పగల్లుకు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై, ఇరవై నిమిషాలు. మైదానం ఊరికి ఇవతలే, ఒక వడ్ల గోదాం పక్కన. మ్యాచ్ మూడు గంటలకు.

వేదిక మైదానం మధ్యగీత దగ్గర ఉంది. పూల తోరణం, పన్నెండు కుర్చీలు, పక్కన పెళ్ళిళ్ళకు పెట్టే పెద్ద తెర. కెమెరా పెళ్ళిళ్ళ వీడియోలు తీసే హులుగప్పది. మైదానాన్నంతా చూడటానికి ఒకే కెమెరా. వేదిక పక్కన పరిశీలకుడు పలక లాంటి అట్ట, కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. హారిక నల్ల దుస్తుల్లో మధ్యగీత దగ్గర నాణెం ఎగరేస్తోంది. నేను తన కంట పడకుండా పడమటి గోలు వెనక, గోదాం గోడ నీడలో కూర్చున్నాను. పక్కన కురుగోడు నుంచి వచ్చిన నాగమ్మ. ఆమె మేనల్లుడు కురుగోడు జట్టు గోల్‌కీపరు. రెండో సగంలో మా ముందున్న గోలే అతనిది.

ఆట బాగా సాగింది. బళ్ళారి జట్టుకు ఒక గోలు, కురుగోడుకు ఒకటి. మొదటి సగంలో హారిక ఒకసారి తెర దగ్గరకు వెళ్ళి, తను పెనాల్టీ ఇచ్చింది తప్పని చూసి, వెనక్కి తీసుకుంది. నిమిషంలో అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. పరిశీలకుడు ఏదో రాసుకున్నాడు. వీరేశప్ప ఉంటే నా మొహం చూసి ఆనందించేవాడు.

ఇంకా పది నిమిషాలుందనగా వేదిక మీదికి ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. మా వైపు అతిథి ఎప్పుడొస్తే అప్పుడే సన్మానం, ఆట ఏ నిమిషంలో ఉందన్నది లెక్కలోకి రాదు. మైకులో పేరు పిలిచారు. శాలువా, దండ, పండ్ల బుట్ట. సరిగ్గా అప్పుడే కుడివైపు నుంచి బంతి గాల్లో వచ్చింది. బళ్ళారి ఆటగాడు ఇద్దరి మధ్య ఎగిరాడు. బంతి అతని ముంజేతికి తగిలి వలలో పడింది. నాకు పది గజాల దూరంలో. అతను కావాలని చేయలేదు, చెయ్యి అక్కడ ఉంది, అంతే. కానీ కొట్టినవాడి చేతికి తగిలి నేరుగా గోలైతే, కావాలని కాకపోయినా అది చెల్లదు. ఇది నేను ఇడ్లీల దగ్గర నేర్చుకున్న పాఠం.

హారిక అతని వీపు వెనక ఉంది. గోలు ఇచ్చింది. గోల్‌కీపరు చెయ్యి చూపిస్తూ పరిగెత్తాడు. పక్కగీత రిఫరీని అడిగింది, అతనికీ అడ్డం పడ్డారట. తెర దగ్గరకు వెళ్ళింది.

తెర మీద శాలువా కనిపించింది. నింపాదిగా, స్లో మోషన్‌లో, పూలరేకులు రాలుతున్న మెరుపులతో సహా. అతిథి చెవికీ పండ్ల బుట్టకీ మధ్య సందులో గోలుస్తంభం సగం, ఎగిరిన ఆటగాడి తల. చెయ్యి దండ వెనక ఉండిపోయింది. మూడుసార్లు వేశారు. మూడుసార్లూ అతిథి నమస్కారం పెట్టాడు. జనం నవ్వారు. హారిక నవ్వలేదు.

హులుగప్ప పెద్దగా చెప్పుకుంటున్నాడు: "సన్మానం మిస్సయితే నన్ను బతకనిస్తారా మేడమ్? గోలు ఇంకోటి కొట్టొచ్చు, శాలువా ఇంకోసారి కప్పరు కదా."

నాగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీరు కూడా చూసినారు కదమ్మా? చదువుకున్నోళ్ళ మాదిరి ఉండారు. పోయి చెప్పండి."

"చూశాను. కానీ రిఫరీ ప్రేక్షకుల మాట వినకూడదమ్మా, అది నియమం."

"ఆ పాప వింటాది. మంచి పాప మాదిరే ఉండాది."

"నా మనవరాలు."

నాగమ్మ నా చెయ్యి వదిలేసింది. "అట్లైతే మీరు చెప్పర్లే" అంది, కోపం లేకుండా.

తెరలో తప్పు స్పష్టంగా కనిపించకపోతే మొదటి నిర్ణయమే నిలుస్తుంది. గోలు ఖాయమన్నట్టు హారిక మధ్యగీత వైపు చెయ్యి చాపింది. రెండు ఒకటితో కురుగోడు ఓడింది. గోల్‌కీపరు గ్లౌజులు తీసి వలలోకి విసిరి, వచ్చి నాగమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె కొంగుతో అతని మెడ తుడిచింది. నేను లేచి అవతలికి వెళ్ళాను.

ఐదున్నరకు తిరుగు బస్సు. నన్ను చూసి హారిక అరుస్తుందనుకున్నాను, నవ్వింది. "నీ చీర ఆటోలోంచి దిగేటప్పుడే చూసినా" అంది. సంతోషంగా ఉంది. అంత గొడవలో కూడా తొణకలేదని పరిశీలకుడు మెచ్చుకున్నాడట. మ్యాచ్ రిపోర్టు ఫోన్లో పంపితే చాలు, పేరు పంపిస్తానన్నాడట. సగం రిపోర్టు అప్పటికే కొట్టేసింది. ఊరు దాటాక వేలు ఆపి, "అవ్వా, నువ్వు ఆ గోలు వెనకాలే ఉన్న్యావు కదా. ఏం చూసినావు?" అంది.

చీకటి ఇంకా పడలేదు, మొహం దాచుకోవడానికి వీలు లేదు.

"చేతికి తగిలింది. ముంజేతికి."

"ఖచ్చితంగా?"

"పది గజాలు."

"ఇప్పుడెందుకు చెప్తాండావు? ఇప్పుడు మార్చేదానికి కాదు కదా."

"అప్పుడు నువ్వు నన్ను అడగకూడదు, నేను నీకు చెప్పకూడదు. ఇప్పుడు అడిగావు."

"అబద్ధం చెప్పుంటే ఏమైతాండె?"

"నీ పేరు వెళ్ళేది. ఇకమీదట నువ్వు ఇడ్లీ దగ్గర చెల్లుతుందా అని అడిగితే, నేనేం చెప్పినా నాకే నమ్మకం ఉండేది కాదు."

హారిక రిపోర్టులో చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చి నాకు చూపించింది. "బళ్ళారి జట్టు రెండో గోలు విషయంలో నా నిర్ణయం తప్పని మ్యాచ్ తరవాత తెలిసింది. కెమెరా వేదిక వైపు తిరగడం చూసి కూడా నేను ఆట ఆపి సరిచేయించలేదు." రెండోది నేను చెప్పని సంగతి. "చూశావా నువ్వు?" అన్నాను. "చూసినా. పెద్దోళ్ళ సన్మానం, ఎట్ల ఆపమనేది అని ఊరికే ఉన్న్యా" అంది. పంపేసింది. తెక్కలకోటలో బస్సు ఆగినప్పుడు పరిశీలకుడి జవాబు వచ్చింది. "పేరు ఇప్పుడు పంపడం లేదు, వచ్చే నెల ఇంకొక మ్యాచ్ చూస్తాను." అంతే. హారిక ఫోను సంచిలో వేసుకుని, ఇల్లు చేరేదాకా నా భుజం మీద తల పెట్టి పడుకుంది. నిద్రపోలేదు, ఊపిరి తెలుస్తుంది కదా.

ఇంటికొచ్చాక ఈ వీడియో రివ్యూ మంచిదా చెడ్డదా అని ఆలోచిస్తూ ఉన్నాను. మొదటి సగంలో అది ఒక తప్పు దిద్దింది, రెండో సగంలో ఒక తప్పుకు ముద్ర వేసింది. తెర లేకపోతే హారిక చూడలేకపోయిందని జనం తిట్టి మరిచిపోయేవాళ్ళు. తెర ఉంది గనుక, చూసి కూడా ఇచ్చింది అన్నారు. పెద్ద లీగుల్లో ముప్పై కెమెరాలు ఉంటాయి, అక్కడ శాలువాలు అడ్డం రావు కాబోలు. అయినా ఆ ముప్పైలో ఏది చూపించాలో ఎక్కడో గదిలో కూర్చున్న ఒక మనిషే తేల్చాలి, ఆ మనిషికీ మొహమాటాలు ఉంటాయి. వద్దనను, ఉండనీ. వీరేశప్ప అడిగిన ఏడాది కష్టం మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ గోల్‌కీపరు కష్టం మాత్రం ఏ రిపోర్టులోనూ తిరిగి రాదు. నాగమ్మ ఊరు తెలుసు, ఇల్లు తెలియదు. కనుక్కుని ఒకసారి వెళ్ళి, చెప్పానమ్మా అని చెప్పి రావాలి.

కప్పగల్లు మైదానానికి వెళ్ళేవాళ్ళకు ఒక సూచన: మూడు దాటాక నీడ పడమటి గోలు వెనక గోదాం గోడ దగ్గర మాత్రమే ఉంటుంది, రెండున్నరకే వెళ్ళి చోటు పట్టుకోండి. రిఫరీ మీ ఇంటి మనిషైతే మాత్రం ఎండలోనే కూర్చోండి.