పేపర్లో ముందే వచ్చిన చీజ్

వెల్లుల్లి రెబ్బను చాకుతో చితక్కొట్టి, సన్నగా తరిగిన పార్స్‌లీ ఆకుతో కలిపి నూరితే లేచే ఘాటైన పచ్చివాసన, నాకు ఓడిల్ గారి వంటింటి వాసన. నిన్న మా అమ్మాయి క్రాకర్స్ బిస్కెట్ల మీదకి ఆ వెల్లుల్లి చీజ్ కలుపుతుంటే, పక్క గదిలో పని చేసుకుంటున్న నేను లేచి వచ్చేశాను.

క్యారీ అనే ఊళ్ళో ఆవిడ మా పక్కిల్లు. పుట్టి పెరిగింది ఫ్రాన్స్‌లో, నార్మండీలో. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. నేనప్పుడు మావారి ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, ఇంగ్లీషులో నోరు విప్పాలంటే బెరుకుతో ఇల్లు కదిలేదాన్ని కాదు. ఒకరోజు శ్రీఖండ్ కోసం పెరుగు మూటకట్టి డెక్ మీద వేలాడదీస్తే, ఫెన్స్ అవతలి నుంచి చూసి, వాళ్ళమ్మ కూడా అలాగే కట్టేదని చెప్పారు. మర్నాడు నన్ను పిలిచి, నీరు కారిపోయిన ముద్దలో క్రీము, వెల్లుల్లి, ఆకులు కలపడం చూపించారు. ఆ తర్వాత నా మధ్యాహ్నాలన్నీ ఆవిడ వంటింట్లోనే.

ఇంట్లో చీజ్ చేసుకోవడం నేర్పమని లైబ్రరీ వాళ్ళు అడిగితే ఆవిడ ఒప్పుకున్నారు. సాయం వస్తానన్నాను. తీరా నోటీసులో నేర్పేది నేనని పడింది. ఆవిడ పేరే లేదు. వెంటనే ఆవిడ ఇంటికి పరిగెత్తి, లైబ్రరీకి ఫోన్ చేసి సరిచేయించమని బతిమాలాను. ఆవిడ కాఫీ కలిపి నన్ను కూర్చోబెట్టి ఒక కథ చెప్పారు. వాళ్ళ ప్రాంతంలో ఒకాయన మెత్తటి చీజ్ చేసి అమ్మేవాడట. వెల్లుల్లి చీజ్ చేసేది వేరొకరైతే, పేపర్ వాళ్ళు పొరపాటున ఈయన పేరు రాశారట. జనం దుకాణాల్లో అదే కావాలని అడగసాగారు.

"కాదని ఒక్క మాట చెప్తే పోయేది. ఆయన చెప్పలేదు. ఏళ్ళ తరబడి తంటాలుపడి, వెల్లుల్లి, ఆకులు వేసి నిజంగానే చేశాడు. ఇప్పుడు అది ఇక్కడి షాపుల్లోనూ దొరుకుతోంది."

"ఆయనకి ఏళ్ళున్నాయి. నాకు శనివారం దాకానే టైముంది," అన్నాను.

"చీజ్ చేయడం నీకు వచ్చు. మాట్లాడటమేగా మిగిలింది. నేను ముందు వరుసలో కూర్చుంటా. ఆగిపోతే నన్ను చూడు."

శనివారం క్లాసులో నిజంగానే ఆగిపోయాను. వడకట్టడానికి ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు. ఆవిడను చూస్తే, నా చేతిలోని గుడ్డ వైపు చూశారు. మూట పైకెత్తి నీరు పిండి చూపించాను. వచ్చినవాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. చివర్లో పార్స్‌లీ బదులు కొత్తిమీర, పచ్చిమిర్చి వేసి ఇంకో గిన్నె కలిపాను. ఆవిడ రుచి చూసి, రెండోసారి వడ్డించుకున్నారు.

ఓడిల్ గారు ఇప్పుడు నార్మండీలో చెల్లెలి దగ్గరున్నారు. వర్క్ పర్మిట్ వచ్చాక నేను కమ్యూనిటీ కాలేజీలో వంట క్లాసులు చెప్తున్నాను. మొన్న అక్కడి మేనేజరు బ్రెడ్ చేయడం కూడా నేర్పగలరా అని అడిగింది. నేను జన్మలో బ్రెడ్ చేయలేదు. ఆ మాటే చెప్పి, ఎప్పటికి కావాలని అడిగాను. పొద్దుటి నుంచి ఇప్పటికి మూడో పిండిముద్ద పిసుకుతున్నాను. ఇది పొంగేలాగే ఉంది.