బాయి పేరు

నా చిన్నప్పుడు మా లైన్లకు, అంటే గని కార్మికుల క్వార్టర్ల వరసలకు, సర్కారు కబురు ఏదొచ్చినా డప్పు మీదే వచ్చేది. ఇప్పుడు మా వార్డు కబుర్లన్నీ ఫోన్లోకి వస్తున్నాయి. రేపు నల్లా రాదని, ఎల్లుండి పిల్లలకు టీకాలని, పింఛన్ల లిస్టు పెట్టారని. ఓపిక ఉన్నవాళ్లు చదువుతారు, లేనివాళ్లు పొద్దున్నే నలుగురికి పంపే పువ్వుల బొమ్మల కింద వాటిని పాతిపెడతారు. అప్పట్లో ఆ వీలు లేదు. మా సాటింపు తాత డప్పు మీద మూడు దెబ్బలు వేశాడంటే, రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాళ్లు కూడా తిట్టుకుంటూనైనా లేచి వినాల్సిందే.

చాటింపును మా గోదావరిఖని వైపు సాటింపు అంటారు. తాతకు అక్షరం ముక్క రాదు. సర్కారు ఆఫీసులో గుమాస్తా కాగితం చూసి ఒక్కసారి చెబితే చాలు, ఒక్క మాట పొల్లు పోకుండా బజారు నుంచి మా చివరి లైను దాకా మోసుకొచ్చేవాడు. వేసవిలో డప్పు కాచడానికి మంట కూడా అక్కర్లేదనేవాడు. "మన రామగుండం ఎండకు డప్పే కాదు బిడ్డా, మనిషి సుత మోగుతడు" అని నవ్వేవాడు.

ఇక నా సంగతి చెప్పాలి. అప్పుడు నేను ఐదో తరగతి పాసై సెలవుల్లో ఉన్నాను. మా వరసలో ఆడపిల్లల్లో గడగడా చదివేదాన్ని నేనొక్కదాన్నే. ఎవరికి ఉత్తరం వచ్చినా, దవాఖాన చీటీ మీద మందు ఎన్ని పూటలో చూడాలన్నా నన్నే పిలిచేవారు. పెద్దవాళ్లు నా ముందు చేతులు కట్టుకుని నిలబడి నా నోటివైపు చూస్తుంటే నాకు నెత్తికెక్కకుండా ఉంటుందా? ఎక్కింది, బాగానే ఎక్కింది. చదువొచ్చినవాళ్లు పొరపాటు పడరని నిజంగానే నమ్మాను.

మా లైను వెనక గుడిసెలో మక్కల అవ్వ ఉండేది. గేటు దగ్గర, షిఫ్టు వదిలే వేళకు బొగ్గుల మీద మక్కకంకులు కాల్చి అమ్మేది కాబట్టి ఆ పేరు. ఆమె భర్త బాయిలో, అంటే బొగ్గు గనిలో పనిచేసి, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేశాక, ఆమెలాంటి ఇంకొందరితో పాటు ఆ ఖాళీ జాగలో గుడిసె వేసుకుంది. అక్కడ రోడ్డు పడుతుందని, గుడిసెలు తీసేసి వాళ్లందరికీ వేరే చోట ఇంటి జాగలు ఇస్తారని ఆ ఏడాది కబురొచ్చింది. ఒక గుమాస్తా గుడిసె గుడిసెకూ తిరిగి పేర్లు రాసుకుపోయాడు. అప్పటి నుంచి అవ్వ నోట ఒకటే మాట, నాలుగు గోడలు పెట్టుకునేటంత జాగ దొరికితే చాలు, ఎవరి చూరు కిందా పడుకోకుండా పోతానని.

ఒకరోజు పొద్దున డప్పు మోగింది. "ఇనుండ్రి! ఇండ్ల జాగల లిస్టు ఆఫీసు గోడకు అతికిచ్చిండ్రు! పేరున్నోళ్లు రేపు ఐదు గొట్టేలోపట వచ్చి ఏలుముద్ర ఎయ్యాలె! ఎయ్యనోళ్ల జాగ వేరేటోళ్లకు పోతది, మళ్ల నన్ననొద్దు!" చివరి మాట సర్కారుది కాదు, తాతది.

ఆ సాయంత్రం అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు నడిచింది. గోడ మీద పొడుగాటి కాగితం, చేతిరాత. చుట్టూ జనం. నేను మోచేతులతో తోసుకుని ముందుకెళ్లి, వేలు పెట్టి పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాను. అవ్వ పేరు రాజవ్వ అని అప్పుడే తెలిసింది నాకు. తీరా చూస్తే లిస్టులో ముగ్గురు రాజవ్వలున్నారు, ఒక్కొక్కరి పక్కన భర్త పేరు.

"మీ ఆయన పేరేందవ్వా?" అన్నాను.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పేరు నోటితో పలకడం ఆమె ఎరగదు, ఆయన పోయినా సరే. నాకు విసుగొచ్చింది. చెప్పకపోతే ఎలా చూడను అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, పక్కనున్న చాయ్ హోటల్ గోడకు వేలాడుతున్న కేలండర్ వైపు చెయ్యి చూపించింది. దాని మీద శివుడి బొమ్మ. శివయ్యా అంటే కాదని తల ఊపింది. శంకరయ్యా అంటే కాదంది. చుట్టూ ఉన్నవాళ్లకు ఇది ఆటైపోయింది, తలొక పేరూ అందిస్తున్నారు. లింగయ్యా అని ఎవరో అనగానే అవ్వ ముసిముసిగా నవ్వి తలొంచుకుంది. అందరూ గొల్లున నవ్వారు.

నేను మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక రాజవ్వ భర్త మల్లయ్య. ఇంకో రాజవ్వ భర్త కొమురయ్య. మూడో ఆమె భర్త పోశయ్య. లింగయ్య ఎక్కడా లేడు.

"లేదవ్వా" అన్నాను.

"ఒక్కపారి మళ్ల సూడు బిడ్డా."

"రెండుసార్లు చూసిన. నేను చదివితె తప్పు పోతదా?"

అవ్వ కొంగు నెత్తిన కప్పుకుని ఇంటి దారి పట్టింది. గుడిసె దగ్గర నా చేతిలో ఒక కంకి పెట్టి, "ఎండల నడిచినవ్, తిను" అంది. సిగ్గు లేకుండా తిన్నాను.

మర్నాడు పొద్దున మా అమ్మ చెప్పింది, అవ్వ సాయంత్రం బస్సుకు బసంత్‌నగర్ అవతల చెల్లెలి ఊరికి పోతోందట, ఇక రాదట. ఆ చెల్లెలి కోడలి నోరు ఎలాంటిదో మా లైనంతా ఎరుగుదురు. "ఈ వయసుల ఒకల గడప తొక్కుడా" అని మా అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ బాధేసింది. అయితే లిస్టులో లేకపోతే నేనేం చేస్తాను అనుకున్నాను, అంతే.

కాసేపటికి సాటింపు తాత మా వాకిట్లోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. చెంబెడు నీళ్లు గటగటా తాగి నావైపు తిరిగాడు. "పిల్లా, నాకో సాయం చెయ్యాలె. నిన్న లిస్టున్నదని సాటిన గని పేర్లు సాటలే. నాకు సదువు రాకపాయె. నువ్వు సదివి చెప్పు, నేను సాటుత."

డప్పు తాత పక్కన లైన్లన్నీ తిరగడమంటే మాటలా! ఎగిరి గంతేశాను. మొదట ఆఫీసు గోడ దగ్గరికి వెళ్లాం. నేను మామూలుగానే పెదవులు కదుపుతుంటే తాత నా నెత్తిన మెల్లగా ఒక్కటి మొట్టాడు. "లోపట సదివితె నీకొక్కదానికే ఎరుక. బయటికి సదువు, ఊరికెరుకైతది."

గట్టిగా చదువుతూ పేర్లన్నీ నోట్‌బుక్కు కాగితం మీద ఎక్కించుకున్నాను. అయిపోయాక తాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"రాజవ్వలెందరే?"

"ముగ్గురు."

"ముగ్గురా!" అన్నాడు, డప్పు భుజానికి తగిలించుకున్నాడు.

లైన్లలో తిరగడం మొదలైంది. నేను పేరు చదవడం, తాత డప్పు కొట్టి ఆ పేరును మూడుసార్లు ఎత్తి పిలవడం. ఎండ నిప్పులు చెరుగుతోంది. తారు రోడ్డు మీద చెప్పులు అతుక్కుపోతున్నాయి. అయినా తాత ఒక్క పేరునూ తొందరగా దాటించలేదు. "రాజవ్వా, మల్లయ్య పెండ్లాం!" అంటే ఒకామె కిటికీలోంచి, "నిన్ననే ఏసిన తియ్యి ముద్ర, ఊకె అరువకు" అని విసుక్కుంది.

మేం గుడిసెల దగ్గరికి వచ్చేసరికి అవ్వ మూట నెత్తిన పెట్టుకుని, తడిక తలుపుకు తాడు బిగిస్తోంది. మావైపు చూడలేదు. నేను కాగితంలోకి చూసి చదివాను. తాత ఎత్తుకున్నాడు.

"రాజవ్వా! కొమురయ్య పెండ్లాం రాజవ్వా!"

తాడు కడుతున్న చేతులు ఆగాయి. తాత ఇంకోసారి పిలిచాడు. అవ్వ మూట దించింది, మెల్లగా మా ముందుకొచ్చి నిలబడింది.

"ఏమన్నవు? మళ్లొక్కపారి అను."

"కొమురయ్య పెండ్లాం" అన్నాడు తాత, ఈసారి డప్పు లేకుండా, మామూలు గొంతుతో.

అవ్వ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. "గది ఆయన బాయి పేరు గదనే! ఆయన పోయినంక గా పేరు ఎవ్వలు పిలువలే. ఇన్నేండ్లకు మళ్ల పిలిశిండ్రు."

మా బొగ్గు బాయిల దగ్గర ఇది పెద్ద వింతేమీ కాదు. ఒకరి పేరు మీద వచ్చిన పనిలోకి ఇంకొకరు దిగిన రోజులవి. అవ్వ భర్త పుట్టుకతో లింగయ్యే. వాళ్ల ఊరి కొమురయ్య అనే ఆయనకు పని దొరికితే, ఆయన ఆ చీకట్లోకి దిగలేక మొదటి రోజే పారిపోయాడట. ఆ పేరు మీద లింగయ్య దిగాడు. హాజరు పిలిస్తే కొమురయ్య, కార్డు మీద కొమురయ్య, స్నానం చేసి అన్నానికి కూర్చుంటే లింగయ్య. గుమాస్తా పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు అవ్వ భర్త పేరు నోటితో చెప్పలేక, దాచుకున్న ఆయన కార్డు చేతికిచ్చింది. గుమాస్తా అందులో ఉన్నదే రాసుకున్నాడు. నేనడిగినప్పుడు మాత్రం పాపం ఇంట్లో పేరు చూపించింది. ఆ రెండో రాజవ్వ మీద నా వేలు ఆనింది. ఆ పేరు పైకి చదివి ఉంటే అవ్వ నిన్ననే ముద్ర వేసి ఉండేది.

అవ్వ ముక్కు తుడుచుకుని తాతను అడిగింది. "మరి నిన్న లేదన్నరు గద?"

భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోదును. తాత మాత్రం నావైపు చూడనైనా చూడలేదు. "నేనే సక్కగ సాటలే అవ్వా. తప్పు నాదే. ఇగ నడువు జల్ది, ఆఫీసు మూస్తరు."

ముగ్గురం పరుగులాంటి నడకతో వెళ్లాం. కుర్చీలో కోస్తా వైపు నుంచి వచ్చిన గుమాస్తా, మర్యాదస్తుడే, అయితే పద్ధతి మనిషి. కార్డు చూశాడు, లిస్టు చూశాడు, సిరా పెట్టె తెరిచాడు. "భర్త పేరు మీరే నోటితో చెప్పాలమ్మా. అదయ్యాకే ముద్ర" అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను. నిన్న కేలండర్ దగ్గర జరిగిందంతా కళ్లముందు తిరిగింది. అవ్వ కొంగు నోటిదాకా వెళ్లింది. తాత పైకప్పు వైపు చూస్తున్నాడు. గోడ గడియారం ఐదుకు దగ్గర పడుతోంది. అవ్వ ఏదో ఆలోచించింది, కొంగు వదిలేసింది.

"కొమురయ్య!" అంది, గది మారుమోగేలా.

గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే అవ్వ నావైపు తిరిగింది. "గది ఆయన పేరు కాదు గద బిడ్డా, బాయి పేరు. గదంటె తప్పేంది?" అని, ఎవరూ అడక్కుండానే ఇంకో రెండుసార్లు అంది. "కొమురయ్య. కొమురయ్య." కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు. కాపురం చేసినన్నాళ్లూ ఆయన్ను "ఏమయ్యా" అని తప్ప పిలవని మనిషి.

ముద్ర పడింది. జాగ వచ్చింది. అవ్వ ఆ జాగలో మట్టి గోడల ఇల్లు లేపుకుని, తాను కోరుకున్నట్టే సొంత చూరు కింద బతికింది. సాటింపు తాత ఆ రోజు సంగతి ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. ఆయన పోయినప్పుడు నేను పెళ్లై శ్రీరాంపూర్‌లో ఉన్నాను. ఆయన దగ్గర నా తప్పు ఒప్పుకోలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

అవ్వకు మాత్రం చెప్పుకున్నాను. నాకు బడిలో ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని వెళ్లి, ఆమె మంచం పట్టె మీద కూర్చుని, ఆ రోజు తప్పు తాతది కాదు, నాదే అన్నాను. అవ్వ బోసినోటితో నవ్వింది.

"నాకెరుకనే. నాకు సదువు రాకపోతె కండ్లు లెవ్వా? నీ ఏలు మూడు కాడ్ల ఆగింది. గదే గా రాత్రి సాటింపు ముసలోనికి చెప్పిన."

"మరి నన్నొక్క మాట అనలేదేందవ్వా?"

"అంటె? గా దినం నలుగురి ముంగట నిన్నంటె, నువ్వు మళ్ల ఎవ్వలకన్న సదివి పెడుదువా?"

మిఠాయి పొట్లం విప్పి, ఒక ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టాను.

ఇప్పుడు నేను రిటైరై గోదావరిఖనిలోనే ఉంటున్నాను. ఫోన్లో ఏ లిస్టు వచ్చినా మా వీధి ఆడవాళ్లు, "అక్కా, పేరున్నదా సూడు" అని వాకిట్లోకి వస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదువుతాను, చివరి పేరు దాకా. మా మనవరాలు, వెతికితే ఒక్క క్షణంలో దొరుకుతుంది కదా అమ్మమ్మా, ఎందుకంత గొంతు అరగదీసుకోవడం అని నవ్వుతుంది. దొరకనివాళ్ల కోసమే చదువుతున్నానని చెబుతాను. లేదు అనే మాట నోటిదాకా వస్తే దాన్ని మింగి, నిన్ను ఇంకేమని పిలుస్తారమ్మా అని అడుగుతాను. నా వేలు ఏ పేరు మీదనైనా ఆగిందంటే, ఎదుటి మనిషి దాన్ని చూస్తూనే ఉంటుందని నాకు తెలుసు.