అప్ప పంపిన బేరింగులు

మొదటిసారి పోస్టుమేన్ నా షాపు ముందు బండాపి, "మేస్త్రీ, నీకు బేరింగొచ్చింది" అన్నప్పుడు నేను తలెత్తకుండానే "ఏ సైజుదీ?" అని అడిగాను. అందులో నా తప్పేమీ లేదు. చోడవరంలో కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చేసుకుని బతికేవాణ్ణి. నాకు తెలిసిన బేరింగు గుండ్రంగా ఉంటుంది, గ్రీజు పెడితే తిరుగుతుంది. అతని చేతిలో ఉన్నది మాత్రం పొట్ట ఉబ్బిన కవరు.

"సైజా? నువ్వే సూడు, నిండు సూలాలిలాగుంది" అన్నాడతను. "స్టాంపు సాల్లేదు. తక్కువైనదానికి రెట్టింపు నువ్వు కట్టాల."

"అంటించనోళ్ళు ఇంకొకళ్ళు, జరిమానా నాకా?"

"అంటించనోళ్ళు పార్వతీపురం అవతలున్నారు. నువ్వైతే ఇక్కడే దొరికేవు."

ఆ న్యాయం నాకు కొత్త కాదు. నేను ఐదో తరగతిలో బడి మానేసింది దానివల్లే. వెనక బెంచీవాడు ఈల వేస్తే ముందు బెంచీలో ఉన్న నా వీపు మేస్టారికి దొరికేది. అప్పుడు వీపుతో కట్టాను, ఇప్పుడు జేబుతో కట్టాను.

ఉత్తరం మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పకీ అప్పుకీ ఒక్క కొమ్మే తేడా బాబూ" అని పోస్టుమేన్‌తో అంటే అతను చిల్లర లెక్క తప్పేంత నవ్వాడు.

నన్ను పెంచింది అప్పే. అమ్మ పోయేనాటికి నాకు అన్నం కలుపుకోవడం రాదు. నా చేతికి పని వచ్చి, నా తిండి నేను సంపాదించుకునేదాకా ఉండి, ఆ తర్వాత పార్వతీపురం అవతల ఒక మిషన్ హాస్టల్లో వంటకి కుదిరింది. వెళ్ళి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు పెద్ద డేగిసాలు దించే ఓపిక లేదు. బియ్యం ఏరుతుంది, కూరలు తరుగుతుంది. హాస్టలువాళ్ళు ఉండమన్నారు, ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక నాకు ఫోన్ చేసేది. గంటసేపు ఇద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళం జోకులేసుకునేవాళ్ళం. తర్వాత ఆమెకి పెద్ద జ్వరమొచ్చింది. జ్వరం వెళ్ళింది గానీ, వెళ్తూ వెళ్తూ రెండు చెవులూ పట్టుకుపోయింది. చెవికి మిషను పెట్టించాం. దాంట్లో గోల తప్ప మాట రావడం లేదని తీసి డబ్బాలో పెట్టేసింది. వార్డెనమ్మ ఫోనుకి వాట్సాప్ పంపితే, ఆవిడ దాన్ని అప్ప చెవి దగ్గర కేకేసి చదివేది. నేను అప్పని ఏమని వెక్కిరించానో హాస్టలంతటికీ తెలిసిపోయేది. అప్పకి అది నచ్చలేదు. అలా ఉత్తరాల్లో పడ్డాం.

నేను రాసేవి చిన్నవి. ఐదో తరగతి చేతిరాత, అక్షరాలు ఎడ్లబండి చక్రాలంత. ఆవిడవి అలా కాదు. మాట వినబడడం మానేశాక మాట్లాడ్డం ఎక్కువైనట్టుంది, పేజీలకి పేజీలు రాసేది. అంచుల్లో నిలువుగా, తేదీ పక్కన తలకిందులుగా, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. అది చాలక కవర్లో ఏదో ఒకటి కూరేది. ఆనప గింజలు. నా పాత చొక్కాకి సరిపోయే గుండీ. చర్చిలో పంచిన కరపత్రం. ఒకసారి చింతపిక్కలు పంపి, "ఊరికే, నీ చిన్నప్పటి ఆట గుర్తొచ్చి" అని రాసింది. షాపు ముందు సిమెంటు, వెనక గది, గది వెనక పక్కింటివాళ్ళ గోడ. ఆనప గింజలు ఎక్కడ పాతమంటావు అప్పా, మోటారు మీదా అని రాశాను. "పాతకపోతే పోనీ, దాచుకో" అని మరిన్ని పంపింది.

ఆ కవరు వచ్చిన రోజు నాకు వేరేగా ఉండేది. మామూలు రోజుల్లోనూ షాపు నిండా జనమే. వడ్డాది నుంచి, చీడికాడ నుంచి మోటారు ఆటోలో వేసుకుని వచ్చేవాళ్ళు. నేను ఏదో ఒకటి అంటాను, వాళ్ళు నవ్వుతారు, మోటారు ఎప్పుడిస్తావని అడుగుతారు, వెళ్ళిపోతారు. మేస్త్రీ భలే సరదా మనిషని ఊళ్ళో పేరు. షట్టర్ దించాక ఆ సరదా మనిషి స్టవ్వు మీద గుడ్డు వేపుకుని, పళ్ళెం కడుక్కుని, ఇంకేం చెయ్యాలో తెలీక ఒకసారి కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "కుదరలేదు" అంటాను. నిజానికి నేనే కుదురుగా లేను.

బేరింగు ఉత్తరాన్ని షట్టరు కిందనుంచి తోసేసి పోవడం కుదరదు. డబ్బు తీసుకోవాలి, చిల్లరివ్వాలి, కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. అంచేత పోస్టుమేన్ బండి దిగి స్టూలు మీద కూర్చునేవాడు. కూర్చున్నాక టీ. టీ వచ్చాక అతని మోకాళ్ళ నొప్పులు, పెద్దమ్మాయి సంబంధాలు.

"ఈసారేటి పంపిందో మీ అప్ప, ఇప్పు సూద్దాం" అనేవాడు.

"నీకెందుకయ్యా?"

"మొయ్యట్లేదేటి? మోసినోడికి ఆ మాత్రం సూసే హక్కు లేదా?"

జరిమానా కట్టి మరీ సంతోషించేవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే అనుకుంటాను. అయినా రూలు మీద కోపం పోలేదు. ఒకరోజు పోస్టాఫీసుకెళ్ళి కౌంటర్లో ఉన్నతన్ని అడిగాను.

"ఇరవై గ్రాములు దాటితే ఇంకో స్టాంపండి" అన్నాడతను.

"ఒక్క గింజ ఎక్కువైతే?"

"గింజైనా దాటినట్టే."

"పోనీ నా దగ్గర కొంత అడ్వాన్సు తీసుకుని ఉంచండి. మా అప్ప కవరొచ్చినప్పుడల్లా అందులోంచి కోసుకోండి."

"అలాంటి రూలు లేదండి."

"నా దగ్గర పిండుకోడానికి రూలుంది గానీ, నేను ముందే ఇస్తానంటే లేదేటి?"

వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "స్టాంపులు కొని ఆవిడకే పంపండి" అన్నాడు. మంచి మాటే. కొని పంపాను. "కవరు లావుగా ఉన్నప్పుడు రెండేసి అంటించు" అని మాత్రం రాశాను. తక్కువ అంటిస్తే నేను కట్టాలని రాయలేదు. రాస్తే ఆవిడ కవరు సన్నబడిపోతుందని నాకు తెలుసు.

జవాబొచ్చింది, మళ్ళీ బేరింగే. "ఒక ఉత్తరానికి ఒక స్టాంపురా. బస్సులో లావుగా ఉన్నోళ్ళకి రెండు టిక్కెట్లు కొడతారేటి? నువ్వు పంపిన బిళ్ళలు బాగున్నాయని పిల్లలు పుస్తకాల్లో అంటించుకున్నారు." పోస్టుమేన్‌కి చదివి వినిపిస్తే, "ఆవిడని మా ఆఫీసులో పెద్ద సీట్లో కూకోబెట్టాల" అన్నాడు.

ఈ బండి ఇలాగే నడిచేది. మొన్న చెరకు తడులప్పుడు రావికమతం వైపు కరెంటు లో ఓల్టేజీ అయి, వరసగా మోటార్లు కాలిపోయాయి. ఇక్కడికి తెచ్చి తీసుకెళ్ళే తీరిక రైతులకి లేదు. నన్నే రమ్మన్నారు. సామాను కట్టుకుని వెళ్ళి, పని పూర్తయ్యేదాకా ఒకాయన పాకలోనే పడుకున్నాను. మా పోస్టుమేన్ అప్పుడే పెద్దమ్మాయి పెళ్ళికి సెలవు పెట్టాడు. అతని బదులు వచ్చిన మనిషి రూలు ప్రకారం వచ్చాడు, షట్టరు మూసి ఉండడం చూశాడు, రూలు ప్రకారం ఆ కవర్ని ఆఫీసులో ఉంచారు, గడువయ్యాక రూలు ప్రకారం వెనక్కి పంపేశారు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. అదే పెద్ద బాధ.

ఇవేవీ నాకు తెలీవు. తిరిగొచ్చి ఉత్తరం కోసం చూశాను. రాలేదు. నేనే రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. మా పోస్టుమేన్ సెలవునుంచి వచ్చి, పెళ్ళి లడ్డూ ఇచ్చి, రోజూ షాపు దాటేటప్పుడు దూరంనుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు, లేదని. చివరికి వార్డెనమ్మకి ఫోన్ చేశాను.

"బాగానే ఉన్నారండి. ఎందుకు రాయడం లేదో మీకే తెలియాలి" అందావిడ, గొంతులో ఐసు ముక్కలు వేసుకుని.

మర్నాడు షట్టర్ దించి, బళ్ళు మారి, మధ్యాహ్నానికి హాస్టలు చేరాను.

అప్ప వంటింటి అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసింది. చూసి మళ్ళీ చేటలోకి చూసింది. చెవులు పోయాక ఆవిడ గొంతు పెద్దదైంది, ఆవిడకే తెలీదు.

"నాది కాదన్నావట!" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ లోపలికెళ్ళి ఒక కవరు తెచ్చి నా ముందు పడేసింది. ఆవిడ రాసిందే, విప్పలేదు. దాని మీద ఇంగ్లీషులో ఒక ముద్ర. వెనక్కొచ్చినందుకు మిగతా డబ్బు ఆవిడ దగ్గరే వసూలు చేశారట. తన ఉత్తరం తనే కొనుక్కుంది.

"అన్‌క్లెయిమ్డ్ అని ఉందండి" అంది వార్డెనమ్మ. "క్లెయిమ్ చెయ్యలేదంటే మీరు మీది కాదన్నారనే కదా. అదే చెప్పాను."

"నేను ఊళ్ళోనే లేనమ్మా! ఆ మాట అన్నది నా తాళంకప్ప."

అప్పకి ఎలా చెప్పడం? చెవిలో కేకేస్తే హాస్టలంతా వింటుంది, అది ఆవిడకి నచ్చదు. షట్టరు దించినట్టు, తాళం వేసినట్టు, మోటారు భుజానికెత్తుకుని నడిచినట్టు చేసి చూపించాను. చుట్టూ చేరిన ఆడపిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వాల్సిన మనిషి నవ్వలేదు. అప్పుడు ఆవిడ ముందున్న చేట దగ్గరికి లాక్కుని, బియ్యం చదును చేసి, వేలితో రాశాను: ఊళ్ళో లేను.

చదివింది. చేటని ఒకసారి కుదిపింది. అక్షరాలు పోయాయి.

"మరి అలాగని సెప్పొచ్చు కదరా ఎదవా! నేనేటేటో అనుకున్నాను. రాత్రుళ్ళు కూడు దిగలేదు."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వార్డెనమ్మకి తను తప్పు అర్థం చెప్పానని మొహమాటం పట్టుకుంది. దాన్ని సరిదిద్దుకోవాలని అప్ప చెవిలో గట్టిగా చెప్పింది, స్టాంపు చాలకపోతే రెట్టింపు తీసుకుంటారనీ, మీ తమ్ముడు ప్రతిసారీ కట్టే తీసుకుంటున్నారనీ.

అప్ప నా వంక చూసింది. "ప్రెతీసారీనా?"

తలూపాను.

"బస్సు టిక్కెట్టని రాసినప్పుడైనా సెప్పలేదేటిరా? నవ్వుకున్నావా?"

బియ్యంలో రాశాను: నాకిష్టం. ఆవిడ అరచేత్తో చెరిపేసింది. "ఇష్టం లేదు, గిష్టం లేదు. ఆ డబ్బులెట్టి ఓ పూట కూరొండుకుందువు. గింజలకీ గుండీలకీ నీ సేత కట్టించుకున్నానా ఇన్నాళ్ళూ?" ఆవిడ కళ్ళు తుడుచుకుంటే నేను ఏదో జోకు వేశాను. వినబడలేదు కాబట్టి అది నాకొక్కడికే దక్కింది.

అన్నం తిని, సాయంత్రం బండికి వచ్చేశాను. తగువు తీరింది, అంతా ముందులాగే ఉంటుందనుకున్నాను.

తర్వాతి ఉత్తరం తొందరగానే వచ్చింది. నేను ఒక మోటారు వైండింగ్ మీద వంగి ఉండగా బండి చప్పుడైంది, ఆగకుండానే కవరు బల్ల మీద పడింది.

"బాబూ, ఎంత?" అని కేకేశాను.

"ఏటీ లేదు మేస్త్రీ! సరిగ్గా ఉంది!" అంటూ అతను మలుపు తిరిగిపోయాడు. రెండు టీలకి చెప్పబోతున్నవాణ్ణి ఆగిపోయాను.

కవరు పలచగా ఉంది. లోపల ఒకే కాగితం, రెండు వైపులా. "వంటింటి కాటా మీద తూసేను. ఒక కాగితవైతే ముల్లు కదల్లేదు. నీకు పైసా కర్సు లేదు" అని మొదటి వరస. మూడు నాలుగు కాగితాల దాకా ఫరవాలేదని రాశాను, పోస్టాఫీసతన్ని అడిగి మరీ రాశాను. ఆవిడ నమ్మలేదు. "నన్నోసారి ఎర్రిదాన్ని సేసేవు, సాలు" అని వచ్చింది. అప్పట్నుంచీ అంతే. గింజల్లేవు, గుండీల్లేవు. కాగితం ఎక్కడ అయిపోతే మాట అక్కడ ఆగిపోతుంది. వాక్యం మధ్యలో ఉన్నా సరే. అంచుల్లో రాయడం కూడా మానేసింది, సిరా బరువనుకుందో ఏమో.

పోయిన నెల ఉత్తరంలో హాస్టలు మేక ఈనిందని రాసింది. ఎంత అవస్థ పడిందో, వాచ్‌మేన్ భార్య ఎలా కాపాడిందో అంతా రాసి, "రెండు పిల్లలు. ఒకటి నల్లటిది, మచ్చన్నది లేదు. రెండోది సూస్తే నవ్వుతావురా, అచ్చం" దగ్గర కాగితం అయిపోయింది.

అచ్చం ఏమిటి? షాపుకొచ్చిన చీడికాడ రైతుని అడిగాను, ఒక మేకపిల్లని చూస్తే నవ్వొచ్చేలా ఎలా ఉంటుందయ్యా అని.

"ఎలాగుంటే నీకేటి మేస్త్రీ? నా మోటారెప్పుడిస్తావో సెప్పు" అన్నాడు.

రెండోది అచ్చం ఎలా ఉందని అప్పకి రాశాను. ఈ నెల ఉత్తరం వచ్చింది. వానలు పడ్డాయట, పిల్లలకి పరీక్షలట, కొత్త వంటావిడ ఉప్పు ఎక్కువేస్తోందట. మేక మాట లేదు, చోటు చాలలేదు కాబోలు. రెండు వైపులా చదివి, కాగితం వెలుగులో పట్టుకుని కూడా చూసి, మళ్ళీ పనిలో కూర్చున్నాను.