చెడ్డది ముందు చెప్పాలి

పెనుకొండ చుట్టుపక్కల గొర్రెలు కాసే ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం మేత చాలక మందను కొత్త సీమకు తోలాలంటే, ముందు ఒక మనిషి పోయి ఆ చోటు చూసి వస్తాడు. వచ్చి చెడ్డది ముందు చెప్తాడు. చిరుత తిరుగుతోందా, నీళ్లు మంచివేనా, ఊరివాళ్లు కట్టెలెత్తుకుని మీదికొస్తారా. మంచి సంగతులు ఆ తర్వాత. వచ్చీరాగానే గడ్డి గురించి మొదలుపెట్టాడంటే అక్కడ చెడు లేదని అర్థం. ఎవరూ ఇంకో మాట అడగరు, లేచి మందను తోలుకుపోతారు. మా నాయన బతికున్నన్నాళ్లూ అట్లా పోయి చూసొచ్చే మనిషి ఆయనే.

ఆ ఇంట్లో పుట్టి నేను సోషల్ టీచరునయ్యాను. పిల్లలకు నేలలు, నదులు, జనాభా చెప్తాను. నాయన పోయాక గొర్రెలు రోగమొచ్చి చచ్చాయి. తమ్ముడు ధర్మవరం పోయి మగ్గం మీద కూర్చున్నాడు, అదీ నిలవలేదు. అమ్మను వెంటబెట్టుకుని పెనుకొండలో నా ఇంటికి వచ్చి పడ్డాడు. వచ్చి పడ్డాడనే అంటున్నాను, అప్పుడు నా నోట్లో ఆడిన మాట అదే. ముప్పై దాటిన మగవాడు పొద్దస్తమానం నా హాల్లో మంచం మీద ఫోను చూసుకుంటూ పడుంటే ఒళ్లు మండేది. నా భర్త పైకి ఏమీ అనేవాడు కాదు. నేను అనేదాన్ని. "తిన్న కంచమన్నా కడగరా, దున్నపోతా!" అనేదాన్ని, అమ్మ వింటుండగానే. వాడు నవ్వి కడిగేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

హిందూపురంలో ఒక ఏజెంటు వాడికి రష్యాలో గోడౌన్ పని ఉందని చెప్పాడు. వాడు ఏజెంటును నమ్మలేదు, నన్ను నమ్మాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తుంటే, ఆ జిల్లా పేరు రాసిన కాగితం నా ముందు పెట్టాడు.

"అక్కా, ఆ సీమ యాడుండాది, ఎట్లుండాది? నువ్వు చూసి చెప్తే పోతా."

ఫోనులో వెతికాను. రష్యా పడమటి సరిహద్దు జిల్లా. దాని భౌగోళికం, జనాభా గురించి పెద్ద పేజీయే దొరికింది. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పుకుపోయాను. నేల నల్లరేగడి, బాగా లోతు. ఏర్లు పారతాయి. వానలు అదనుకు పడతాయి. గోధుమ, పొద్దుతిరుగుడు, చక్కెర దుంప పండిస్తారు. జనం పలుచన, ఏటికేడు తగ్గుతున్నారు. పడుచువాళ్లు పట్నాలకు పోతే పల్లెల్లో ఇళ్లు ఖాళీగా ఉన్నాయి.

"జనం తక్కువైతే పనికి మనిషి కావల్ల గదా," అన్నాడు వాడు సంబరంగా.

తర్వాతి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. యుద్ధం మొదలయ్యాక సరిహద్దు పల్లెల మీద గుండ్లు పడుతున్నాయని, అక్కడి జనాన్ని ఖాళీ చేయించారని. గుక్క తిప్పుకున్నంతసేపు ఆగాను. వాడి వైపు చూశాను. చిరిగిన బనీనుతో, నా మంచం మీద. ఆ వాక్యం దాటేసి రైలు మార్గాల దగ్గరికి పోయాను.

తెలియక కాదు. యుద్ధం సంగతి టీవీలో వాడూ చూశాడు. కానీ రష్యా ఎంత పెద్దదో, ఈ జిల్లా ఆ యుద్ధానికి ఎంత దగ్గరో వాడికి తెలియదు. నాకు తెలుసు. నేను చెడ్డది చెప్పలేదు కాబట్టి వాడు ఇంకో మాట అడగలేదు. "నల్లరేగడి, ఏరు! ఇంగేం కావల్ల మనిషికి!" అని లేచి వెళ్లి కంచం కడుక్కున్నాడు.

రష్యా పోయిన నెలరోజులకు వాడు ఒకే ఒక్కసారి ఫోన్ చేశాడు. గోడౌనూ లేదు, ఏమీ లేదు. సైన్యం బట్టలు తొడిగి, సరిహద్దు దగ్గర గుంతలు తవ్విస్తున్నారు.

"నువ్వు చెప్పినట్లే అక్కా, మన్ను నల్లగుండాది. నిలువెత్తు తవ్వినా రాయి తగల్లేదు. మన చేన్లో మూరెడుకే గడ్డపార ఖంగుమంటాది గదా."

జాగ్రత్తరా అన్నాను. సిగ్గులేని నోరు నాది. ఆ నంబరు మళ్లీ మోగలేదు. పుట్టపర్తి కలెక్టరాఫీసుకు తిరిగి తిరిగి అర్జీలు ఇచ్చాం, ఇంకా ఏ కబురూ లేదు.

అమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం నా దగ్గర కూర్చుని, "వాడుండే సీమ చదువు పాపా," అనేది. చదివేదాన్ని. నేల, ఏర్లు, వానలు, పంటలు, జనం. "ఆ జనం లెక్కలో మనవాణ్ణి రాసుకునింటారా?" అని ఒకరోజు అడిగింది. రాసుకునే ఉంటారన్నాను. అట్లాంటి అబద్ధాలు నాకు బాగా అలవాటయ్యాయి.

పోయిన వారం కూడా మామూలుగానే చదువుతున్నాను. ఖాళీ ఇళ్ల సంగతి అయిపోయి రైళ్ల దగ్గరికి వచ్చాను. అమ్మ చెయ్యెత్తింది.

"ఈడ రోజూ ఆగుతావు నువ్వు. వానికి చదివిన పొద్దు గూడా ఈడనే ఆగితివి. ఏముండాది ఈడ?"

ఏమీ లేదమ్మా అనబోయాను. ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. దాటేసిన వాక్యం చదివాను, ఉన్నది ఉన్నట్టు.

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"ఇది గదా ముందు చెప్పాల్సింది," అంది. "మీ నాయన కూతురివి గదా నువ్వు."

ఆ రోజు నుంచి నన్ను చదవమని అడగడం లేదు. పెట్టింది తింటుంది. తినగానే, నేను చెయ్యి చాచినా ఇవ్వకుండా, తన కంచం తానే కడుక్కుంటుంది.