డైరీ తెరవని ఆ పూట

మా ఊరి పాల డైరీ ఆ రోజు పొద్దున తెరవలేదు. క్యాన్లు పట్టుకొని వరసలో నిలబడ్డవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకొన్నాం. ఇన్నేళ్ళుగా మేము రాకపోతే డైరీ సెక్రెటరీ మా ఇళ్ళకు వచ్చేవాడు. ఆయన రాకపోతే ఆయన ఇంటికి పోవాలని మాకు తోచడానికే కాసేపు పట్టింది. పోయేసరికి ఆయన భార్య వాకిట్లో గోడకు ఆనుకొని కూర్చుంది. నిద్రలోనే ప్రాణం పోయిందట. క్యాన్లు అక్కడే దించి లోపలికి పోయాం. ఆ పాలు తర్వాత ఏమయ్యాయో నాకు గుర్తు లేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నా మాటను కాగితానికి తగ్గట్టు దిద్దుకోమన్నాను. ఎదుటివాళ్ళు అన్న మాటలు మాత్రం దిద్దవద్దన్నాను.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పదకొండో రోజు డైరీ ముందర షామియానా వేసి నలుగురూ ఆయన గురించి మాట్లాడారు. కమిటీలో పెద్దమనిషి ఒకాయన లేచి, "అట్లాంటి సెక్రెటరీ మల్ల దొరకడు. ఒక్క సాయంత్రం తప్ప ఎప్పుడూ డైరీ మూసినోడు కాదు. ఆ పొద్దు ఊరందరి పాలూ ఇరిగిపాయ. ఏమిటికి మూసినాడో ఆయప్పకే తెలియాల" అన్నాడు. కొందరు నవ్వారు. ఏమిటికి మూశాడో నాకు తెలుసు. లేచి నిలబడ్డాను కూడా. ఎదురుగా నా కొడుకు కూర్చొని ఉన్నాడు. మళ్ళీ కూర్చున్నాను. ఈ ఊరిలో నా నోరు మూతపడటం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాక కొడుకును అడిగాను. "చెప్పుమ్మా. అందరికీ చెప్పు. దాంట్లో నామోషీ ఏముండాది?" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

ఆయన చిత్రమైన మనిషి. పొద్దస్తమానం పాల మధ్య ఉండి కాఫీ మాత్రం పాలు లేకుండా తాగేవాడు. "పొద్దన్నుంచీ ఇదే వాసన పీల్చి మల్ల ఇదే తాగమంటావేమ్మా" అనేవాడు. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ విరిగితే నూలుదారం కట్టుకొని ఏళ్ళు గడిపాడు. పాలు పోసే ప్రతి మనిషినీ పాల మాట కాకుండా ఇంకో మాట అడిగేవాడు. కోడలికి కాన్పయిందా, బోరులో నీళ్ళు ఎంత లోతుకు పోయాయి, కొత్త టమోటా నారు పట్టుకుందా, ఇట్లా. జవాబు చెప్పేదాకా పాల క్యాను అందుకొనేవాడు కాదు. వెనక వరసలో వాళ్ళు గొణిగేవాళ్ళు.

నాకూ ఆయనకూ మొదట్లో పడేది కాదు. ఒకసారి నా పాలలో గాజుగొట్టం వేసి చూసి, పలచగా ఉన్నాయని వెనక్కి ఇచ్చాడు. "నా చేతితో నీళ్ళు కలిపినానంటావా?" అని మొత్తం పాలూ ఆయన కాళ్ళ ముందరే పారబోశాను. "నీళ్ళని నేననలేదమ్మా. ఆవు ఏమి మేస్తాండాదో చూడమన్నా" అన్నాడు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆవుకు పొట్టలో పురుగు పట్టిందని తర్వాత తెలిసింది. ఆ సంగతి మాత్రం నేను ఆయనతో ఒప్పుకోలేదు.

ఆయన డైరీలో ఒక కట్టడి పెట్టాడు. ఎవరి పాలు వాళ్ళింటి మనిషే తేవాలి. రెండు రోజులు పక్కింటివాళ్ళు తెచ్చి పోస్తే సరే. మూడో రోజు కూడా అట్లాగే వస్తే, డైరీ మూశాక ఆయనే ఆ ఇంటికి పోయి నిలబడేవాడు. మేమంతా అది అనుమానం అనుకొన్నాం. "ఎవురెవురి పాలు కలుస్తాండాయో చూసే దానికి పోతాండాడు" అని నేనే పది మందికి చెప్పాను.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి. మాకు పట్టుపురుగులు మేపే ఇల్లు విడిగా ఉంది. పురుగులు ఉన్నన్నాళ్ళు బయటివాళ్ళను ఆ గడప తొక్కనివ్వం. రోగం అంటుకుంటుందనీ, దిష్టి తగులుతుందనీ భయం. అంతకు ముందు రెండు పంటలు వరసగా పోయాయి. రెండోది పోయినప్పుడు నేను కొడుకును నలుగురి ముందర అన్నాను: "మీ నాయన చేతిలో ఒక్క పురుగు చావలేదురా. నీ చేతిలో ఏదీ బతకదు." ఆ మాట అన్నది నేనే. కోడలా, దీన్ని కొట్టివేయవద్దు.

మూడో పంటకు వాడు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కోడలు బాగేపల్లిలో తల్లికి కంటి ఆపరేషన్ అని పుట్టింటికి పోయింది. కూలివాళ్ళు ఆకు కోసి తలుపు దగ్గర పెట్టి పోతే వాడే లోపలికి తీసుకొనేవాడు. ఒక రోజు ఆకు తీసుకోలేదు. అడిగితే లోపలి నుంచే, "పురుగు జరంలో ఉండాది. అలికిడి చేయొద్దు" అన్నాడు. పురుగు పొర విడిచే సమయాన్ని మేము జ్వరం అంటాం, గూడు కట్టేలోగా అట్లా నాలుగుసార్లు వస్తుంది. అప్పుడు అది ఆకు ముట్టదు. కాబట్టి నాకు అనుమానం రాలేదు. పైగా అలికిడి కాకుండా కాపలా కూర్చున్నాను, చేతిలో కర్ర పెట్టుకొని. నేను పెట్టిన సంగటి కిటికీలో ఎండిపోతుంటే, ఒళ్ళు దాచుకోకుండా పని చేస్తున్నాడు, ఆకలి కూడా మరిచాడు అనుకొన్నాను. పాలు పక్కింటామెతోనే పితికించి పంపాను.

మూడో రోజు మధ్యాహ్నం సెక్రెటరీ వచ్చాడు. కర్ర అడ్డం పెట్టాను.

"పొమ్మంటాండా. పురుగు జరంలో ఉండాది."

"ఎన్ని దినాలాయ?"

"మూడు దినాలు."

 ఆయన తలుపు పక్కన వాడిపోయిన ఆకు మూటల్ని చూశాడు. తర్వాత గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "అమ్మా, నాలుగో జరం విడిచిన పురుగు ఆకు తింటే వాన పడినట్టు సద్దు వస్తాది. నీకేమన్నా ఇనబడతాండాదా?" అన్నాడు.

నేను ఆ మూడు రోజులూ ఆ గోడ పక్కనే కూర్చున్నాను. ఆ సద్దు ఒక్కసారి కూడా వినలేదు. పురుగు జ్వరం ఒక రోజు, మించితే ఒకటిన్నర. అది నాకు తెలియదా? చిన్నప్పటి నుంచీ పురుగులు మేపినదాన్ని. కర్ర పారేసి తలుపు తోశాను.

తలుపు లోపల గడియ వేసి ఉంది. పగలగొట్టమన్నాను. "వద్దు. కొట్టినామంటే వాడు ఇంగా లోపలికి పోతాడు" అని ఆయన ఆకు మూట మీద కూర్చున్నాడు. తలుపుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఏమప్పా, నీ ఆవు పక్కింటోళ్ళ చెయ్యికి సేపడం లేదు. పాలు సగమైనాయి" అన్నాడు. "పురుగు పోయిందా? పోనీలే. నేను పురుగును చూసే దానికి రాలేదు, నిన్ను చూసే దానికి వచ్చినా" అన్నాడు.  లోపల కదలిక వినిపిస్తే, "ఈడే ఉండానప్పా" అనేవాడు.

సాయంత్రం పాల వేళ అయింది. జనం డైరీ దగ్గర చేరారు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఒకరు వెతుక్కుంటూ వచ్చి, ఆయన ఎక్కడున్నాడో కనబడక మా వీధి మొగలోంచే, "ఏమప్పా, పాలు ఇరిగిపోతాండాయి" అని కేకేశారు. నేను ఆయనతో, "పోప్పా, పోయి తెరిచి రా" అన్నాను. ఆయన లేవలేదు. "ఆవు రేపు మల్ల ఇస్తాదిలేమ్మా" అన్నాడు.

పొద్దు కుంకే ముందు గడియ తీసిన చప్పుడయింది. లోపల తట్టల నిండా పురుగులు చచ్చి, సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి ఉన్నాయి. వాటి మధ్య నా కొడుకు. వాడు ఆ మూడు రోజులూ ఏ ఆలోచనతో కూర్చున్నాడో డాక్టరుకు చెప్పాడు, తర్వాత నాకూ చెప్పాడు. బతకాలన్న ఆలోచన కాదు అది. అంతకంటే నేను చెప్పను.

మరుసటి రోజు ఊరు ఆయన్ను తిట్టింది. కడుపునొప్పి అన్నాడు. చనిపోయేదాకా ఆ కడుపునొప్పి మీదే నిలబడ్డాడు.

చిక్కబళ్ళాపుర పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి పోదామని ఆయన అన్నప్పుడు నేను ఎదురు తిరిగాను. "మా వంశంలో పిచ్చోళ్ళు లేరు" అన్నాను.

"పిచ్చి అని ఎవురన్నారమ్మా? నువ్వు మోకాలికి మాత్ర మింగుతాండావే, నీ మోకాలికి పిచ్చా?"

కొడుకును తీసుకొని బయలుదేరాను. బస్సులో ఆయనే మా వెంట వచ్చాడు. ఎవరైనా అడిగితే పాల మీటింగు అనేవాడు. అక్కడి డాక్టరమ్మ కొడుకుతో మాట్లాడాక నా వైపు తిరిగి, "నిమగె నిద్దె బర్తదా అజ్జీ?" అని కన్నడంలో అడిగింది. నీకు నిద్ర పడుతోందా అవ్వా అని. మా ఆయన పోయాక నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. కొడుకును చూపించడానికి పోయినదాన్ని, అక్కడ కూర్చొని ఏడ్చాను. వాడికి మాత్రలు ఇచ్చారు, నెలనెలా వచ్చి మాట్లాడిపొమ్మన్నారు. ఏడాది పైన పట్టింది. ఇప్పుడు వాడే పురుగు మేపుతున్నాడు, వాడే పాలు పోస్తున్నాడు.

ఒక రోజు తిరిగి వచ్చే బస్సులో నేను ఆయన్ను అడిగాను, "మూడో దినం ఇంటికి వచ్చే కట్టడి నీకెవురు నేర్పించిరి?" అని. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు: "నా తమ్ముడి పాలు పది దినాలు పక్కింటోళ్ళు తెచ్చి పోసిరి. పది దినాలూ నేనే కొలిచి తీసుకొంటినమ్మా. ఏమిటికి వాడు రాలేదని ఒక్క దినం అడగలేదు." పదకొండో రోజు అడగడానికి ఆ తమ్ముడు లేడు.

డైరీకి ఇప్పుడు కొత్త మనిషి వచ్చాడు. మంచివాడే. అయ్యా, అమ్మలారా, ఆ కట్టడిని మాత్రం పాత సెక్రెటరీతోనే పోనివ్వకండి. ఎవరి పాలు ఎవరు తెచ్చినా మిషన్ కొలిచేస్తుంది. ఎందుకు రాలేదని అది అడగదు.

మొన్న ఆయన భార్యను చూడటానికి పోయాను. ఆమె ఒక బిస్కెట్ల డబ్బా నా ముందర పెట్టి, "ఇవి ఏమిటికి దాచినాడో తెలీదమ్మా" అంది. మూత తీశాను. లోపల తలుపు గడియలు. ఆ సాయంత్రం, మళ్ళీ లోపల గడియ పడకుండా, ఆయన మా తలుపు గడియను స్క్రూలు ఊడదీసి జేబులో వేసుకుపోవడం నేను చూశాను. ఆయన ఊడదీసింది మా ఇంటిది ఒక్కటే అనుకొన్నాను. డబ్బాలో తుప్పు పట్టినవి, కొత్తవి, ఇత్తడివి, ఇనుపవి ఎన్నో ఉన్నాయి. ఏది ఏ ఇంటిదో ఆయనకే తెలుసు. మా గడియ మీద పచ్చరంగు ఇంకా పోలేదు. దాన్ని తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ వాటి మధ్యే పెట్టి మూత వేశాను.