మెట్లకింద బట్టలు మార్చుకోవద్దన్న తల్లి

యూదు భక్తుల ఊరైన బ్నే బ్రాక్‌లో రబ్బీ అకీవా వీధికి వెనకగా ఉన్న సందులో, మూడో అంతస్తులో, అద్దాలు బిగించి గదిగా మార్చుకున్న బాల్కనీలో ఫ్రాదల్ విగ్గులు కడిగి దువ్వేది. పెళ్ళయిన ఆడది తన జుట్టు పరాయివాళ్ళకి చూపించకూడదన్న ఊరు అది. అందుకని ఆ గదికి రాని ఇల్లాలు ఆ చుట్టుపక్కల లేదు. చెక్కబొమ్మల తలలకి తడి విగ్గులు తొడిగి, వాటికి క్లిప్పులు పెడుతూ, వచ్చినవాళ్ళ మాటలన్నీ వినేది. తను మాట్లాడటం తక్కువ. మాట్లాడితే మాత్రం కత్తెర వేసినట్టు ఉండేది.

ఆమె సంపాదనమీదే ఇల్లు నడిచేది. భర్త జెలిగ్ గ్లేజర్ తెల్లవారకముందే లేచి మతపాఠశాలకి వెళ్ళి, తాల్ముద్ గ్రంథం ముందు కూర్చుంటే మళ్ళీ చీకటిపడ్డాకే వచ్చేవాడు. జీతం తెచ్చే చదువు కాదది. ఫ్రాదల్‌కి ఆ విషయంలో ఏనాడూ వెలితి లేదు. పెళ్ళిచూపుల్లో ఆమె అడిగింది ఒక్కటే, "మీరు నిజంగా చదువుతారా, చదువుతున్నట్టు కూర్చుంటారా?" అని. జెలిగ్ నవ్వి, "నిద్రలో కూడా అదే గొణుగుతానట, మా అమ్మ తిడుతుంది" అన్నాడు. ఆ జవాబుకే ఒప్పుకుంది.

యుద్ధం మొదలయ్యాక ఆ గదిలో మాటలు మారిపోయాయి. దేశంలో అందరి పిల్లలూ పద్దెనిమిదేళ్ళకి సైన్యంలోకి వెళ్ళాల్సిందే. మతపాఠశాల పిల్లలకి మాత్రం ఏళ్ళ తరబడి మినహాయింపు. అది చెల్లదని కోర్టు చెప్పేసరికి ఊరూవాడా రెండుగా చీలింది. ఒకరోజు పక్క ఊరినుంచి హొదాయా అనే కుర్ర ఇల్లాలు చంకలో పసిపిల్లతో వచ్చింది. ఆమెదీ భక్తిగల కుటుంబమే, కానీ వాళ్ళలో మగవాళ్ళు సైన్యానికి వెళ్తారు. చెల్లెలి పెళ్ళికని విగ్గు సరిచేయించుకుంటోంది. అదే సమయానికి పెద్ద పాఠశాల నడిపే మతగురువు, రబ్బీగారి భార్య ట్వాయ్బా కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీ ఆయన రాలేదేమమ్మా?" అని ట్వాయ్బా మర్యాదకి అడిగింది.

"ఎక్కడమ్మా రావడం! మళ్ళీ పిలిచారు. ఇంటికొచ్చి బూట్లు విప్పేలోపే పిలుస్తున్నారు. పెళ్ళికొస్తాడో లేదో కూడా తెలీదు."

"దేవుడు కాపాడతాడు. మా పిల్లలు రోజంతా అతని కోసమే చదువుతున్నారు, ప్రార్థిస్తున్నారు."

హొదాయా మొహం ఎర్రబడింది. "మా ఆయనా ప్రార్థిస్తాడమ్మా. ట్యాంకులో కూర్చుని."

ఫ్రాదల్ జుట్టు ఆరబెట్టే యంత్రం వేసింది. ట్వాయ్బాయే మళ్ళీ అందుకుంది. "ఒక్కసారి ఆ సైన్యం గేటు దాటించామా, ముందు నెత్తిన టోపీ పోతుంది, ఆ తర్వాత శనివారపు సబ్బాతు పోతుంది, ఆఖరికి పిల్లాడే పోతాడు. నువ్వు చెప్పు ఫ్రాదల్."

ఫ్రాదల్ అందరూ చెప్పేదే చెప్పింది. "మన ధర్మగ్రంథం తోరా చదివేవాళ్ళు లేకపోతే ఈ దేశం దేశమే కాదమ్మా." హొదాయా డబ్బిచ్చి వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ ఉంటే ఫ్రాదల్‌కి తన మాట తనకే రుచించలేదు. మాట అబద్ధమని కాదు. చెబుతున్నప్పుడు కళ్ళముందు కనబడింది జెలిగ్ కాదు, ఆన్షెల్.

ఆన్షెల్ ఆమె నాలుగో కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు. పాఠశాల పట్టీలో పేరుంది గానీ మనిషి అక్కడ ఉండడు. బస్‌స్టాండ్ వెనక ఎలక్ట్రిక్ సైకిళ్ళు బాగుచేసే కొట్లో ఉంటాడు. తల్లికి తెలుసు. చేతులకంటిన నల్లటి గ్రీజు ఏ గ్రంథంలోంచీ రాదు కదా! తెలిసీ ఏమీ అనలేదు. చదవనివాడు చదువుతున్నాడని చెప్పుకోవడం ఆ వీధిలో తప్పుగా ఎవరూ లెక్కపెట్టరు. పిల్లాడు సైన్యం పాలు కాకుండా ఉంటే చాలు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం జెలిగ్ మినహాయింపు కోసం పెద్ద రోడ్డుమీద చేసిన ధర్నాకి వెళ్ళి తిరిగొచ్చాడు. పోలీసులు కంపునీళ్ళు చిమ్మారు. కోటు, టోపీ, గడ్డం అన్నీ కుళ్ళిన వాసన. ఇంట్లోకి రానివ్వకుండా ఫ్రాదల్ గుమ్మంలోనే కోటు విప్పించి బకెట్‌లో నానబెట్టింది. అప్పుడే ఆన్షెల్ మెట్లెక్కి వచ్చాడు. తండ్రిని ఆ స్థితిలో చూసి, బకెట్ ముందు కూర్చుని తనే కోటు ఉతకడం మొదలెట్టాడు.

"నాన్నా, మీరు నాకోసం ఈ నీళ్ళు పోయించుకోవద్దు."

"నీకోసం కాదురా, తోరా కోసం."

"అందుకే చెబుతున్నా. నేను చదవట్లేదు. ఏడాదిన్నరగా లేదు. నా పేరు చెప్పి మీరు రోడ్డుమీద కూర్చోవడం నాకు సిగ్గుగా ఉంది." చేతులు సబ్బునురగలోనే ఉంచి, తల ఎత్తకుండా అన్నాడు, "సంతకం పెట్టేశా. వచ్చే ఆదివారం వెళ్తున్నా. మనవాళ్ళ కోసం వేరే పటాలం ఉంది. తిండి మనదే, ప్రార్థనకి వేళ ఇస్తారట."

జెలిగ్ అరవలేదు. అరిచుంటే బాగుండేదని ఫ్రాదల్ తర్వాత చాలాసార్లు అనుకుంది. తడి చొక్కాతోనే గోడకి ఆనుకుని నిలబడి, "నిన్ను ఎక్కడ వదిలేశానురా నేను?" అన్నాడు. అంతే. ఆ రాత్రి భోజనం ఎవరూ ముట్టలేదు.

ఆన్షెల్ వెళ్ళిన వారంలోనే వార్త వీధంతా పాకింది. ముందు ట్వాయ్బా రావడం మానేసింది. తర్వాత ఆమె వెనక నడిచేవాళ్ళు మానేశారు. చెక్కబొమ్మలు బోడితలలతో వరసగా నిలబడిపోయాయి. కూతురికి సంబంధాలు చూసే ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. ప్రార్థనామందిరంలో జెలిగ్ పక్కన ఎప్పుడూ కూర్చునే మిత్రుడు రెండు బల్లలు వెనక్కి జరిగాడు. జెలిగ్ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది, కాస్త సంతోషంగానే.

అంతా పళ్ళ బిగువున ఓర్చుకుంది ఫ్రాదల్. ఓర్చుకోలేనిది ఒకటి చూసింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం చెత్తబుట్ట తీసుకుని కిందికి దిగితే, మెట్లకింద నీళ్ళ మీటర్ల దగ్గర ఆన్షెల్ ఒంటికాలిమీద నిలబడి, యూనిఫాం ప్యాంటు విప్పి నల్ల ప్యాంటు తొడుక్కుంటున్నాడు. అక్కడ పిల్లులు తిరుగుతాయి. కొడుకు తల్లిని చూసి దొంగతనం చేస్తూ దొరికినవాడిలా బట్టలు గుండెకి హత్తుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది.

"మొదట్నుంచీనే అమ్మా. మీకు ఇబ్బంది అని..."

"నా కడుపున పుట్టినవాడు మెట్లకింద బట్టలు మార్చుకుంటాడా? పిల్లుల మధ్య?" చెత్తబుట్ట కింద పెట్టింది. "నువ్వు చేసేది తప్పయితే నాముందు చెప్పు. తప్పు కాకపోతే ఎవరికీ దాచకు. వచ్చే శుక్రవారం బస్సు దిగేచోట నేనుంటా. ఏ బట్టల్లో ఉంటే ఆ బట్టల్లోనే దిగు."

ఆ వారం మొదట్లోనే ఇద్దరు ఆమె గదికి వచ్చారు, వేరువేరుగా. మొదట ట్వాయ్బా. చాలాకాలానికి కుర్చీలో కూర్చుని, మెత్తగా మొదలెట్టింది. "ఫ్రాదల్, యెరూషలేములో పార్లమెంటు కమిటీ ఈ మినహాయింపు గురించి జనం మాట వింటోంది. నువ్వొచ్చి, 'నా పిల్లాణ్ణి మాయమాటలు చెప్పి లాక్కుపోయారు' అని ఒక్కమాట అను. అందరూ మళ్ళీ నీ దగ్గరకొస్తారు. నీ కూతురి సంబంధం సంగతి నేను చూస్తా."

"వాణ్ణెవరూ లాక్కుపోలేదమ్మా. వాడే నడిచి వెళ్ళాడు."

మర్నాడు హొదాయా వచ్చింది. వాళ్ళూ అదే కమిటీకి వెళ్తున్నారట, సైనికుల భార్యలు, తల్లులు. "అక్కా, మీవాళ్ళలోంచి ఒక తల్లి లేచి, ఈ మినహాయింపు మొత్తం దగా అని చెబితే దేశం కళ్ళు తెరుస్తుంది. మీ అబ్బాయి వెళ్ళాడు కదా."

"మొత్తం దగా కాదమ్మాయ్. మా ఆయన్ని చూళ్ళేదు నువ్వు."

"అయితే రారా?"

"వస్తా. నీ మాటా చెప్పను, ఆవిడ మాటా చెప్పను. నాకు తెలిసింది చెబుతా."

జెలిగ్‌తో అంటే, "ఆడదానివి, అంతమంది మగాళ్ళ ముందా?" అన్నాడు. "ఇన్నేళ్ళుగా మగాళ్ళే మాట్లాడారు కదండీ, ఎక్కడికొచ్చింది?" అంది. అతను అడ్డు చెప్పలేదు.

కమిటీ గది నిండిపోయింది. ఒకవైపు నల్లకోట్ల పాఠశాలవాళ్ళు, ఇంకోవైపు సైనికుల ఫొటోలు పట్టుకున్న ఆడవాళ్ళు. ఒకరి మాట ఒకరు సాగనివ్వడం లేదు. ఫ్రాదల్ వంతు వచ్చింది. కాగితం లేకుండానే చెప్పింది. "నా భర్త ఉదయంనుంచి రాత్రిదాకా గ్రంథం ముందు కూర్చుంటాడు. అలాంటివాణ్ణి లేపకండి. లేపితే ఈ దేశంలో ఏదో ఒకటి ఆరిపోతుందని నేను నమ్ముతాను. కానీ నా కొడుకు చదవడు. చదవనివాణ్ణి చదివేవాడి వెనక దాచాను, ఏడాదిన్నర. నాలా దాచినవాళ్ళు మా వీధిలో ఎంతమందో. అలా దాచబట్టే నిజంగా చదివేవాడిమీద కూడా మీకు నమ్మకం పోయింది. ఆ తప్పు మాదే. ఇక సైన్యంవాళ్ళకి కూడా చెబుతున్నా. సబ్బాతు ఉంటుంది, మన తిండి ఉంటుంది అని మాటిచ్చి తీసుకెళ్ళారు. ఆ మాట తప్పితే మా వీధినుంచి ఇంకొక్క పిల్లాడు రాడు."

నల్లకోట్ల వైపునుంచి ఒకరు "సిగ్గులేదూ!" అని కేక వేశారు. కమిటీ సభ్యుడొకాయన కళ్ళజోడు సర్దుకుని, "అసలు మినహాయింపు ఉండాలా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పమ్మా" అన్నాడు.

"ఒక్క ముక్కలో తేలేదయితే మీరు ఇన్నేళ్ళుగా ఇక్కడెందుకు కూర్చున్నారండీ?"

అటూ ఇటూ నవ్వారు. ఆ నవ్వు తగ్గకముందే ఫొటోలు పట్టుకున్నవాళ్ళలోంచి ఒక పెద్దావిడ లేచింది. పేరు త్సిల్లా, హైఫానుంచి వచ్చింది. అరవలేదు. "మీ ఆయన్ని లేపొద్దన్నావు. నావాడు వయొలిన్ వాయించేవాడు. వాడూ పొద్దుణ్ణుంచి రాత్రిదాకా దాంతోనే ఉండేవాడు. వాణ్ణి లేపారు. మళ్ళీ రాలేదు. వాడికెందుకు మినహాయింపు లేదో చెప్పమ్మా."

ఫ్రాదల్ ఆమెవైపు తిరిగింది. "నా దగ్గర జవాబు లేదు తల్లీ" అంది. మైకు ముందునుంచి లేచి, నేరుగా వెళ్ళి ఆమె పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్ళ మాటలన్నీ అక్కడినుంచే వింది.

మర్నాడు ఒక పత్రిక ఆమెని ద్రోహి అంది, ఇంకోటి వీరమాత అంది. రెండూ ఆమె చెప్పినదాంట్లో సగమే వేశాయి.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దగ్గర నిలబడింది. ఆన్షెల్ ఆకుపచ్చ యూనిఫాంలో, భుజాన సంచితో, భయపడుతూనే దిగాడు. ఇద్దరూ పెద్దవీధి మధ్యగా నడిచారు. జనం సబ్బాతు కోసం రొట్టెలు, చేపలు కొనే హడావిడిలో ఉన్నారు. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకాయన వాళ్ళముందే ఉమ్మేశాడు. పైనుంచెవరో నీళ్ళసంచి విసిరితే ఆమె భుజంమీద పడి పగిలింది.

"అమ్మా, పక్క సందులోంచి పోదాం."

"నీళ్ళే కదరా. మీ నాన్న మీద పోసినవాటికంటే వాసన నయం. నడువు."

తలుపు జెలిగ్ తీశాడు. కొడుకుని అడుగునుంచి పైదాకా చూశాడు. "ఆకలేస్తోందా?" అన్నాడు. భోజనాల దగ్గర మాత్రం వదల్లేదు. సబ్బాతునాడు సైనికుడు బండి నడపడం ఎప్పుడు తప్పు, ఎప్పుడు కాదు అని కొడుకుతో వాదానికి దిగాడు. ఆన్షెల్ ఎదురు ప్రశ్నలు వేశాడు. వాడు పాఠశాలలో ఉన్న రోజుల్లో కూడా తండ్రీకొడుకులు అంతసేపు తోరా మాట్లాడుకోలేదు. జెలిగ్ ఒప్పుకున్నాడని కాదు. ఆఖరికి కూడా "నువ్వు వెళ్ళకుండా ఉండాల్సింది" అనే లేచాడు.

రోజులు గడిచాయి. పోయిన గిరాకీలో సగమే తిరిగొచ్చింది. కూతురికి సంబంధం కుదిరింది, ఆలస్యంగా, అలాగే ఒక కొడుకు సైన్యంలో ఉన్న ఇంకో ఇంట్లో. మినహాయింపు చట్టం మాత్రం తేలలేదు.

ఆ వేసవిలో చిన్నకొడుకు మైలెఖ్‌కి సైన్యంనుంచి పిలుపు వచ్చింది. మైలెఖ్ తండ్రి పోలిక. అన్నం ముందు పెడితే గ్రంథంలోంచి తల ఎత్తడు. కబురు తెలిసి ట్వాయ్బా పరుగున వచ్చింది. "ఇప్పుడైనా తెలిసిందా ఫ్రాదల్, మేమెందుకు అరుస్తున్నామో?"

"నాకు అప్పుడూ తెలుసమ్మా. చదివేవాణ్ణి లేపొద్దనే కదా నేనన్నది. వీడి కోసం మళ్ళీ వెళ్తా. మీ పాఠశాలలో చదవనివాళ్ళు ఎంతమందో కూడా అక్కడ చెబుతా. ఆ రెండూ కలిపే చెబుతా. వస్తే మీరూ రండి."

ట్వాయ్బా రాలేదు. కమిటీ మళ్ళీ కూర్చునే రోజు పొద్దున్నే ఫ్రాదల్ చేతిసంచీలో రెండు ఉడికించిన గుడ్లు, రొట్టె పెట్టుకుంటుంటే, జెలిగ్ టోపీ దులుపుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాఠశాల వేళ దాటిపోతున్నా కదల్లేదు.

"నేనూ వస్తా" అన్నాడు.

ఆమె ఇంకో రెండు గుడ్లు సంచీలో వేసింది. మెట్లు దిగుతూ అతనే అడిగాడు, "అక్కడ ఆ వయొలిన్ పిల్లాడి తల్లి మళ్ళీ అదే అడిగితే ఏం చెబుతావ్? ఈసారి నీ చిన్నకొడుకు కోసం వెళ్తున్నావు కదా."

"అడగనివ్వండి. అడిగే హక్కు ఆవిడకుంది." ఫ్రాదల్ వీధిలోకి అడుగుపెట్టి బస్సు వైపు తిరిగింది. "ఈసారి మీరు కూడా వినండి."