ఆళ్ల పద్నాలుగు, మన పద్నాలుగు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, గాజువాకలో ఓ వెల్డింగ్ షెడ్డులో పని, న్యాయం విడమరిచి చెబితే ఏ ఆఫీసరైనా వింటాడన్న గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కరోనా పట్టుకుపోయింది. ఊళ్లో అందరికీ జ్వరాలొచ్చాయి, పోయాయి. నాకు వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

మాది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అక్కను ఒరిస్సా ఒడ్డున ఉన్న మావాళ్లకే ఇచ్చాం. (అక్కడా తెలుగే, అక్కడా అదే సముద్రం, మధ్యలో ఉన్నదల్లా రోడ్డు మీద ఒక గేటు.) తొలి కాన్పు పుట్టింట్లో, తల్లి చేతుల్లో జరగాలన్నది మాకు రాజ్యాంగం కన్నా పాత చట్టం. బావేమో గుజరాత్ రేవులో బోటు మీద ఇరుక్కుపోయాడు. నెలలు నిండుతుంటే అక్క రోజూ ఫోనులో ఏడుపు: "అమ్మా, నాకు బయమేత్తంది. నువ్వు పక్కన లేకపోతే నాను కనలేను." అమ్మ నన్ను పిలిచి, "ఒరే, ఎల్లి అక్కని తీసుకొచ్చీ" అంది, బజారుకెళ్లి ఉల్లిపాయలు తెమ్మన్నంత తేలిగ్గా.

అప్పట్లో చేపలకు పాసుంది, మనుషులకు లేదు. అందుకని హార్బరు నుంచి వెళ్లే చేపల వ్యానుకు క్లీనరునై గేటు దాటాను. అటువైపు దిగానో లేదో ఊరివాళ్లు నన్ను స్కూల్లో పెట్టి తాళం వేశారు. పద్నాలుగు రోజులు! అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. సరే, రూలు రూలే కదా అని బుద్ధిగా ఉండి, ఏ జబ్బూ లేదని ముద్ర వేసిన కాగితం సంపాదించి, అక్కను ఆటోలో ఎక్కించుకుని మన గేటు దగ్గరికి వచ్చాను. అప్పటికి డాక్టరమ్మ చెప్పిన కాన్పు గడువుకు ఇంకా పది రోజులే.

గేటు దగ్గరి గుమస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఒరియాలో ఉంది. ఇందులో ఏటి రాసుందో నాకేటి తెలుసు? ఇక్కడ పద్నాలుగు రోజులుండాల."

"అక్కడ పద్నాలుగు రోజులు ఉండే వచ్చాను సార్!"

"అది ఆళ్ల పద్నాలుగు. ఇది మన పద్నాలుగు."

"పోనీ వెనక్కి వెళ్లిపోతాం."

"ఎల్లండి. అటేపు మల్లీ పద్నాలుగు."

ఒళ్లు మండిపోయింది. ఆ కరోనా పురుగు గేటు దగ్గర ఆగి, ఇటు ఎవరి రాజ్యం, అటు ఎవరి రాజ్యం అని కనుక్కుని మరీ అంటుకుంటుందా? నుదుటి మీద పెట్టి వేడి చూసే తుపాకీ ఒకటుండేది. అది అక్కకు తొంభై రెండు చూపించింది. ఐసులో పెట్టిన చేపకుండే వేడి అది. "బాగానే ఉంది" అని రాసుకున్నారు! ఇద్దరినీ ఒక హాస్టల్లో పడేశారు. నేను ఊరుకున్నానా? మూడు పేజీల అర్జీ రాశాను, పాయింట్లు పాయింట్లుగా. కాగితం మీద కూడా జబ్బు ఉంటుందట, ఎవరూ ముట్టుకోలేదు.

ఐదో రోజున అమ్మ చేపల వ్యానులో, ఐసు పెట్టెల పక్కన కూర్చుని వచ్చేసింది. చేతిలో పాత చీరల మూట. లోపలున్న వాళ్లంతా బయటికి పంపమని బతిమాలుతుంటే, ఆవిడ మాత్రం లోపలికి పంపమని గేటు పట్టుకుంది.

"జొరం ఉన్నోళ్లూ, బోర్డర్ దాటినోళ్లే లోపలుంటారమ్మా" అన్నాడు కాపలా అతను.

"నాకు జొరం వచ్చీసింది. రాసుకో."

తుపాకీ పెట్టి చూశాడు. "ఏటీ లేదు కదా."

"దానికేటి తెలుస్తాది, తల్లి జొరం? రాసుకో బాబూ!"

రాసుకున్నాడు. నా మూడు పేజీలకు తెరుచుకోని గేటు ఆ ఒక్క అబద్ధానికి తెరుచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి ఫోను చేస్తే, టెస్టు రిపోర్టు లేనిదే చేర్చుకోమన్నారు. రిపోర్టు రేపొస్తుందట! కడుపులో బిడ్డ రేపటిదాకా ఆగుతుందా? హాస్టల్ నర్సమ్మ, అమ్మ కలిసి వార్డెన్ గదిలో అక్కను పడుకోబెట్టి తలుపేసుకున్నారు. లోపల అక్క అరుపులు, వరండాలో నా అరుపులు. హాస్టలు చూసుకోవడానికి అప్పుడే వచ్చిన ఆఫీసరును పట్టుకుని, రెండు రాష్ట్రాల రూల్సూ ఏకరువు పెట్టి, వాటిలో తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతున్నాను. నోరు ఆగడం లేదు.

ఏడో తప్పు దగ్గరుండగా తలుపు తెరుచుకుంది. అమ్మ ముఖమంతా చెమట. "ఒరే, ఆ ఆపీసరు బాబుని ఒగ్గేసి ఇలా రా. మేనమామవైపోనావు. ఆడపిల్ల. ముందు సేతులు కడుక్కో."

ఏడో తప్పును అక్కడే వదిలేశాను. కుళాయి దగ్గరికి పరిగెత్తి, సబ్బు రుద్దుకుంటూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది. వాడు చెప్పిన తప్పులన్నీ నిజమే. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ దిద్దలేదు. పిల్లను కన్నది అక్క, పురుడు పోసింది అమ్మ. న్యాయం మాట్లాడినవాడు వాడొక్కడే.